శవబండికి జ్ఞానతల్లి

మా పేటలో ఎవరు పోయినా మొదటి కబురు పాదిరిగారికి వెళ్ళేది కాదు, డాక్టరుకి అంతకన్నా కాదు. కసిమీరా పుపీరో ఇంటికి వెళ్ళేది. తలుపు తట్టినవాళ్ళు నోరు తెరవకముందే ఆమె "పెట్టె ఎంత పొడుగుండాలి?" అని అడిగేది. "ఎవరు పోయారు?" అన్న ప్రశ్న ఆ తర్వాత వచ్చేది. కొత్తవాళ్ళకి ఇది మోటుగా తోచేది గానీ, పేటలో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ మాట వినగానే సగం ధైర్యం వచ్చేది. ఇక చావు సంగతి కసిమీరా చూసుకుంటుంది, మనం తీరిగ్గా ఏడ్చుకోవచ్చు అనుకునేవాళ్ళు.

పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. శనివారాల్లో మొక్కజొన్న పిండి, పంది మాంసం అరటాకుల్లో కట్టి నకటమాళ్ళు వండి అమ్ముకునేది. మసాయా పట్నం వైపు నుంచి కూడా వచ్చి కొనుక్కుపోయేవారు. బతకడానికి అది. బతుకు మాత్రం మంచిచావు సంఘమే.

ఆ సంఘం ఆమె అత్తగారి కాలం నాటిది. ఇంటికింత అని వారం వారం వేసుకునేవారు. సంఘం ఆస్తి అంతా కసిమీరా వసారాలోనే ఉండేది: బెంచీలు, కొవ్వొత్తి స్తంభాలు, కాఫీ గుండిగలు, నల్ల తెరలు, ఎవరికి ముందు అవసరమైతే వాళ్ళదని దూలాల మీద ఎప్పుడూ సిద్ధంగా పడుకోబెట్టిన ఒక పెట్టె. పెరట్లో గుర్రపు శవబండి. రొట్టెల కొట్టు యజమాని పోయినా, ఆ కొట్టు ముందు అడుక్కునే ముసలాడు పోయినా అదే బండి. పోయినవాడిది ఏ పార్టీ అని అడగకూడదు, అదొక్కటే నియమం. యుద్ధం రోజుల్లో సైన్యంలో చేరి పోయిన కుర్రాణ్ణీ, కొండల్లో సైన్యం మీద తిరగబడి పోయిన కుర్రాణ్ణీ ఒకే వారంలో మోసింది ఆ బండి. లాగే గుర్రానికి తేడా తెలియలేదు. సంఘానికి మాత్రం ఎందుకు తెలియాలి అనేది కసిమీరా.

మనిషి పోయిన తొమ్మిదో రోజు ప్రార్థన అయ్యాక సంఘం పెద్ద లేచి, శవం దగ్గర జాగారానికి వచ్చిన ప్రతి మనిషికీ పేరు పెట్టి కృతజ్ఞత చెప్పాలి. పంచదార తెచ్చిందెవరు, పాట పాడిందెవరు, శవానికి తోడుగా తెల్లారేదాకా పేకాడిందెవరు, భుజం పట్టిందెవరు. కాగితం చూడకూడదు. ఒక్క పేరు తప్పినా ఆ మనిషి ఏళ్ళ తరబడి మొహం తిప్పుకుని పోతాడు. కసిమీరా ఏనాడూ ఒక్క పేరు తప్పలేదు. జనం ఆ ఘట్టం కోసమే వచ్చేవారంటే అబద్ధం కాదు. ఆమె నోట తన పేరు వినబడగానే, ముక్కూమొహం తెలియనివాడి చావుకి వచ్చినవాడు కూడా నిటారుగా కూర్చునేవాడు.

పెట్టెలు చేసేది అబెలీనో న్యామెండీ. కసిమీరాకి ఒక ఇల్లు అవతల ఉండేవాడు. చిన్నప్పటి నుంచీ ఇద్దరికీ మాటకి మాట. అతని కూతురు మిగ్దాలియా ఆమెని అత్తా అని పిలిచేది. కొడుకు ఎల్మెర్ చదువుకుంటున్నవాడు. ఆ ఏప్రిల్లో జనం ప్రభుత్వం మీద తిరగబడి, వీధుల్లో రాళ్ళు పీకి అడ్డుగోడలు కట్టినప్పుడు ఒక గోడ వెనక నిలబడ్డాడు, అక్కడే పోయాడు. కసిమీరా సంఘం బండి తోలించుకుని, తుపాకులు పట్టుకున్నవాళ్ళ మధ్య నుంచి వెళ్ళి వాణ్ణి తెచ్చింది. ఎవరూ ఆపలేకపోయారు. ఆ రాళ్ళ మీద ఎగిరెగిరి పడి పాత బండి ఇరుసు విరిగింది. ఆ ఏడాది చివరికల్లా అబెలీనో కొత్త బండి చేశాడు, దేవదారు చెక్కతో. కొడుకు కోసం కార్చలేకపోయిన కన్నీళ్ళన్నీ ఆ చిత్రిక పనిలో పెట్టాడు.

సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి కొత్త చట్టం దిగింది. దేశంలో ఉన్న సంఘమల్లా తన సభ్యులెవరో, డబ్బు ఎక్కణ్ణించి వస్తోందో రాసిచ్చి మళ్ళీ అనుమతి తెచ్చుకోవాలట. రాసిచ్చినా అనుమతి వస్తుందని లేదు. వారం వారం రేడియోలో రద్దయిన సంఘాల పేర్లు చదివేవారు. ముసలివాళ్ళ ఆశ్రమం పోయింది, గుర్రపు స్వారీ వాళ్ళ క్లబ్బు పోయింది, పళ్ళ డాక్టర్ల సంఘం పోయింది, పిల్లలకి మధ్యాహ్నం అన్నం పెట్టే కన్యాస్త్రీల వంటశాల పోయింది. పళ్ళు పీకేవాళ్ళు ప్రభుత్వాన్ని ఏం పీకుతారో ఎవరికీ అర్థం కాలేదు గానీ, అర్థం కాలేదని పైకి అన్నవాడూ లేడు.

అప్పుడొచ్చింది కసిమీరాకి ఆ ఆలోచన.

మా వాళ్ళు దేనికైనా జ్ఞానతల్లినీ జ్ఞానతండ్రినీ, అంటే దేవుడి ముందు దానికి పూచీగా నిలిచే పెద్దల్ని, పెడతారు. పుట్టిన బిడ్డకి సరే, కొత్త పొయ్యికీ, పడవకీ, ఫుట్‌బాల్ జట్టు చొక్కాలకీ కూడా పెడతారు. పాదిరిగారు నీళ్ళు చల్లుతారు, బాణాసంచా కాలుస్తారు, ఆ రోజు నుంచి వస్తువు గల ఇల్లూ జ్ఞానతల్లీ ఒకరికొకరు కొమాద్రెలు. కొమాద్రె అంటే రక్తసంబంధం కన్నా ఒక మెట్టు ఎక్కువ. అన్నదమ్ములు కోర్టుకెక్కిన ఇళ్ళున్నాయి గానీ, కొమాద్రె మీద చెయ్యెత్తినవాళ్ళ పేరు పేటలో ఎవరూ వినలేదు.

"బండికి జ్ఞానతల్లిగా యహోస్కాని పిలుద్దాం," అంది కసిమీరా.

అబెలీనో చిత్రిక ఆపాడు. "ఏ యహోస్కా?"

"మనకెంతమంది యహోస్కాలున్నారయ్యా? పార్టీ కార్యదర్శి."

"మతి పోయిందా నీకు? నా కొడుకుని చంపినోళ్ళకి పురపాలక ఆఫీసులో అన్నాలు వండించి పెట్టింది ఆ పిల్ల."

"పెట్టమంటే పెట్టింది. వాళ్ళ నాన్న పోయినప్పుడు ఇంతుంది, గౌను నిండా కన్నీళ్ళతో నా ఒళ్ళోనే పడి నిద్రపోయింది. రేపు కొమాద్రె అయ్యాక మన సంఘం మూయించుద్దా? మూయించి పేటలో తలెత్తుకు నడవగలదా?"

"దానికి జీపుంది. నడవక్కర్లేదు."

"వెటకారాలకేం గానీ, ఇంకో దారుంటే చెప్పు. సంఘం పోతే రేపు నిన్నెవరు మోస్తారు, నన్నెవరు మోస్తారు? కుక్కల్ని ఈడ్చినట్టు ఈడుస్తారు."

అబెలీనో దగ్గర ఇంకో దారి లేదు. అరచేత్తో చెక్క మీది పొట్టు తుడుచుకుంటూ, "బండి నేను చేశా, దానికి తల్లిని నువ్వు వెతుక్కో," అన్నాడు. కసిమీరా దాన్ని ఒప్పుకోలు కింద జమకట్టుకుంది.

ఆ ఆదివారం పేటంతా వచ్చింది. మరింబా వాయించారు, గుండిగల్లో మొక్కజొన్న చిచా కాచి అందరికీ పోశారు. యహోస్కా గులాబీ రంగు జాకెట్టు వేసుకుని, తలంటుకున్న జుట్టుతో, జీపు వీధి చివరే ఆపించి నడుచుకుంటూ వచ్చింది. బండి కమ్మీ మీద చెయ్యి వేసి, "మా నాన్నని పాత దాని మీద తీసుకెళ్ళారు కదా," అని భోరుమంది. ఆ కన్నీళ్ళు దొంగవి కావని కసిమీరా అందరితోనూ ఒట్టేసి చెప్పేది. నిజమే అయ్యుంటుంది. అసలు దౌర్భాగ్యం అదే. ఏడవడం రానివాళ్ళయితే జనం జాగ్రత్తపడేవాళ్ళు.

నెల తిరక్కుండా అనుమతి కాగితం వచ్చింది. కన్యాస్త్రీల వంటశాలకి తాళం పడ్డ వారమే మంచిచావు సంఘానికి ముద్ర పడింది. కసిమీరా ఆ కాగితానికి అద్దం కట్టించి, మేరీమాత పటం కింద తగిలించింది. ఎంత తెలివిగా గట్టెక్కించానో చూడండన్నట్టు పెరట్లో కోళ్ళకేసి కూడా తలెగరేసి చూసింది.

తర్వాత జ్ఞానతల్లి కానుకలు మొదలయ్యాయి. ముందు బండికి రబ్బరు చక్రాలు వేయిస్తానని తీసుకెళ్ళింది. చక్రాలు వేయించింది కూడా. కానీ తిరిగొచ్చిన బండికి రెండు పక్కలా పార్టీ రంగులు, వెనక "ప్రజల ప్రభుత్వం, ప్రేమతో" అని తెల్లటి అక్షరాలు. అబెలీనో ఇనుప గీకుడు పట్టుకుని వచ్చాడు. కసిమీరా బండికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకో కసిమీరా."

"జ్ఞానతల్లి ఇచ్చిన కానుకని గీకేస్తే మొహాన ఉమ్మేసినట్టే. ఆ సంగతి నీకూ తెలుసు."

"నా కొడుకుని చంపినోళ్ళ జెండా నేను చేసిన చెక్క మీదా?"

"రంగే కదయ్యా. శవానికి రంగు కనపడుద్దా?"

"నన్ను మాత్రం దీని మీద ఎక్కించొద్దు," అని అబెలీనో గీకుడు అక్కడే పడేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ సంఘం గడప తొక్కలేదు. కసిమీరా ఆ రాత్రి ఏడ్చింది. మర్నాడు గీకుడు తుడిచి దాచిపెట్టింది, వాడికి కోపం తగ్గాక ఇవ్వొచ్చని.

చక్రాల తర్వాత ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. కుర్చీల తర్వాత పురపాలక ఆఫీసు పేరు అంటించిన పెట్టెలు వచ్చాయి. ఇక సంఘానికి వడ్రంగి అవసరమే లేకపోయింది. కానుకలు పుచ్చుకున్న చోట చిన్న చిన్న సాయాలు కాదనలేం కదా. ఊరేగింపు రోజున సంఘం ఆడవాళ్ళు తెల్ల జాకెట్లతో నిలబడాలి, కొమాద్రే, ఎండ తగలకుండా టోపీలు కూడా ఇస్తాం. విదేశాల నుంచి అతిథులు వస్తున్నారు, ఇక్కడ సంఘాలే లేవని బయట ఏవేవో కూస్తున్నారు, మీరొచ్చి రెండు ముక్కలు చెప్పాలి, కొమాద్రే, అనేది యహోస్కా. కసిమీరా వెళ్ళింది. మైకు ముందు నిలబడింది. "మా సంఘాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పైగా చక్రాలు వేయించారు," అంది. అతిథులు చప్పట్లు కొట్టి ఫోటోలు తీసుకున్నారు. దేశంలో ఎన్ని సంఘాలు మూతపడితే అన్నింటికీ జవాబుగా కసిమీరా ఒక్కర్తినీ చూపించారు. ఒక్క సంఘాన్ని బతకనివ్వడం దేనికో అప్పుడు తెలిసింది పేటకి.

ఒకనాడు లారీ ఒకటి వచ్చి ఆమె వసారాలో పెద్ద ఇనుప పొయ్యి దింపింది. కన్యాస్త్రీల వంటశాల పొయ్యి. దాని మీద చెక్కిన పునీతురాలి పేరుని ఎవరో సుత్తితో కొట్టి చెడగొట్టారు. "ఊరికే తుప్పు పట్టిపోతోంది కొమాద్రే, మీకైతే పనికొస్తుంది," అంది యహోస్కా. కసిమీరా దాంట్లో కట్టెలు పెట్టింది. పొయ్యికి పార్టీ ఏముంటుంది అనుకుంది. ఒకప్పుడు ఆ మాట చచ్చిపోయినవాళ్ళ గురించి అనేది.

అన్నిటికన్నా ఆమెకి ఇష్టమైనది సోమవారం. ప్రతి సోమవారం పొద్దున్నే యహోస్కా వచ్చేది. చెప్పులు విప్పి, ఊగుడు కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, గట్టి రోస్కీయా బిళ్ళని కాఫీలో ముంచుకుంటూ, "ఈ వారం ఎవరిది కొమాద్రే? జనం బాగా వచ్చారా?" అని అడిగేది. అంతే, కసిమీరా అందుకునేది. ఎవరు ముందొచ్చారు, ఎవరు ఆలస్యంగా వచ్చి వెనక కూర్చున్నారు, ఎవరు ఎవరితో గుసగుసలాడారు, ఎవరు ఏ పాట ఎత్తుకున్నారు. తొమ్మిదో రోజు కృతజ్ఞతకి ముందు ఒకసారి నెమరు వేసుకున్నట్టు ఉండేది ఆమెకి. ఒంటరి కొంపలో అంత శ్రద్ధగా వినేవాళ్ళు ఇంకెవరున్నారు? యహోస్కా ఒక్కసారి కూడా రాసుకోలేదు. కళ్ళార్పకుండా వినేది, నవ్వే చోట నవ్వేది.

అలాంటి ఒక సోమవారమే దామాసో సంగతి చెప్పింది. దామాసో మిగ్దాలియా మొగుడు. ఏప్రిల్ గొడవల తర్వాత సరిహద్దు దాటిపోయి, తల్లి పోయిందని తెలిసి దొంగచాటుగా జాగారానికి వచ్చాడు. "గడ్డం పెంచుకున్నాడు, నేనే ముందు గుర్తు పట్టలేదు. తల్లి పాదాలు పట్టుకుని ఎలా ఏడ్చాడనుకున్నావ్! నాకే గుండె చెరువైపోయింది," అని కళ్ళు తుడుచుకుంది కసిమీరా. యహోస్కా కూడా కళ్ళు తుడుచుకుంది. రెండు రోజుల తర్వాత బస్సు దగ్గర దామాసోని పట్టుకున్నారు.

కసిమీరాకి ఏమీ తెలియదని చెప్పలేం. తెలిసిందనీ చెప్పలేం. తెలుసుకోవడానికి ఒక్క అడుగు ఇవతల ఆగిపోయి, ఆ అడుగు వెయ్యకుండానే ఏళ్ళు గడిపేసే మనుషులుంటారు. జాగారాల్లో తను అడుగు పెట్టగానే పేకాట సద్దుమణగడం ఆమె చూసింది. జనం వానల గురించీ, కాఫీ గింజ ధర గురించీ తప్ప ఇంకేమీ మాట్లాడకపోవడం చూసింది. సెల్‌ఫోన్లు వచ్చి మనుషుల్ని పాడుచేశాయని తిట్టుకుంది.

అబెలీనో మూత్రపిండాలు చెడిపోయి పోయాడు. ఆ కబురు కసిమీరా తలుపు తట్టలేదు. రొట్టెలమ్మే మనిషి మాటల మధ్యలో అంటే తెలిసింది. పేటలో ఒక చావు తనకి చెప్పకుండా జరగడం ఆమె బతుకులో అదే మొదలు. అదీ అబెలీనోది. ఏడుపుకన్నా ముందు రోషం వచ్చింది. ఆ రోషంలోనే ఇద్దరు మనుషుల్ని పిలిచి, బెంచీలు తోపుడుబండికి ఎక్కించి, గుండిగ నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. వాణ్ణి పేటంతా కలిసి సాగనంపాలి. తను ఇన్నాళ్ళూ ఇంత మందికి తలొంచింది ఆ ఒక్క దాని కోసమే కదా.

గుమ్మంలో మిగ్దాలియా నిలబడి ఉంది.

"బండి వద్దని చెప్పి పోయాడు నాన్న, దోన్యా కసిమీరా."

అత్తా అనలేదు. పరాయివాళ్ళని పిలిచినట్టు దోన్యా అంది. కసిమీరా అది విని కూడా విననట్టే ఉంది.

"బండి తేలేదే అమ్మా. బెంచీలే. కాఫీ నేను పెడతా, నువ్వు కూర్చో."

మిగ్దాలియా పక్కకి తప్పుకుంది. కసిమీరా లోపలికి వెళ్ళి అబెలీనో నుదుటి మీద చెయ్యి పెట్టింది. తన పెట్టె తనే చేసుకున్నాడు, మూలలు ఎంత నున్నగా ఉన్నాయో. "మొండోడా," అని గొణిగి, నల్ల తెరలు కట్టింది, కొవ్వొత్తులు వెలిగించింది, పెరట్లో బెంచీలు వరస పెట్టింది. కాఫీ కాగింది. మధ్యాహ్నం దాటింది. కాఫీ మళ్ళీ వెచ్చబెట్టింది. పొద్దు వాలుతోంది. బెంచీల మీద ఒక్కరు లేరు.

కసిమీరాకి ఒళ్ళు మండిపోయింది. ఈ పేటలో సగం ఇళ్ళకి తలుపులు చేసిన మనిషి. వీళ్ళ అమ్మలకీ నాన్నలకీ పెట్టెలు చేసిన మనిషి. విశ్వాసం లేని జనం!

"చూశావా, ఒక్కడు రాలేదు," అంది మిగ్దాలియాతో. "పిరికి వెధవలు. పోలీసులకి భయపడుతున్నారు. ఉండు, యహోస్కాకి ఫోను చేస్తా. నా మాట కాదనదు. ఎవరినీ ఏమీ అనొద్దని..."

"మీరు ఫోను చెయ్యొద్దు."

"ఎందుకే? నీకు తెలీదు, అది నా కొమాద్రె..."

"అందుకే." మిగ్దాలియా గొంతు పెంచలేదు. "వాళ్ళు పోలీసులకి భయపడట్లేదు దోన్యా కసిమీరా. వీధి చివర కొట్టు దగ్గర నిలబడి ఉన్నారు, పొద్దున్నుంచీ. మీరు వెళ్తే వస్తారు."

కసిమీరా గరిటె దించి ఖాళీ బెంచీల వైపు చూసింది.

"మా ఆయన వాళ్ళమ్మ కాళ్ళు పట్టుకుని ఏడ్చాడని మీకు తప్ప ఎవరికి తెలుసు? ఆదివారం చూశారు. సోమవారం కాఫీ తాగారు. బుధవారం పట్టుకెళ్ళారు. ఇంకా లోపలే ఉన్నాడు."

"నేను... నేను ఊరికే మాట్లాడానే."

"అవును," అంది మిగ్దాలియా. "ఊరికే మాట్లాడారు."

కసిమీరా శాలువా తీసుకుని బయటికి నడిచింది. కొట్టు దగ్గర జనం గుంపుగా నిలబడి ఉన్నారు. ఆమెని చూడగానే ఒకడు సిగరెట్టు వెలిగించుకోవడానికి తిరిగాడు, ఒకామె లేని పిల్లాణ్ణి పిలిచినట్టు అటు వెళ్ళింది. ఆమె దాటిపోయాక వెనక అడుగుల చప్పుడు అబెలీనో ఇంటి వైపు సాగింది. ఎంతోమంది అడుగులు. ఆమె వెనక్కి తిరగలేదు. ఇంటికొచ్చి కిటికీ మూసుకున్నా, ఒక ఇల్లు అవతలే కదా, కాసేపటికి పేక ముక్కలు బల్ల మీద కొట్టిన చప్పుడు వినిపించింది. ఎవరో నవ్వారు. చాలా ఏళ్ళుగా ఏ జాగారంలోనూ ఆమె అలాంటి నవ్వు వినలేదు.

మర్నాడు అబెలీనోని భుజాల మీద మోసుకుపోయారు. కసిమీరా గడప దాటలేదు.

సోమవారం యహోస్కా వచ్చింది, చెప్పులు విప్పింది, కూర్చుంది.

"అబెలీనో దగ్గరికి ఎవరెవరొచ్చారు కొమాద్రే?"

కసిమీరా ఆ జవాబు కోసం రెండు రోజులు నిద్ర మానుకుంది. "ఎవరూ రాలేదు," అంది.

యహోస్కా చేతిలోని రోస్కీయా కాఫీలోనే ఆగింది. "ఎవరూ?"

"ఖాళీ బెంచీలు. నేనూ, శవమూ. నా కళ్ళతో చూసింది చెబుతున్నా."

యహోస్కా చెయ్యి చాపి ఆమె మోకాలు నిమిరింది. "మీరు చెప్తే చాలు కొమాద్రే. ఇంకొకరు చెప్తే నమ్మేదాన్ని కాదు."

ఆ రోజు కసిమీరా చాలాకాలానికి కడుపునిండా తింది. ఒక్క మనిషి పేరూ నోట రానివ్వలేదు. తను చెయ్యాల్సింది ఇంత తేలికైన పని అని ముందే ఎందుకు తోచలేదా అని కుమిలింది, అయినా ఇక నుంచి ఇలాగే అని గుండె దిటవు చేసుకుంది.

గురువారం పొద్దున రేడియోలో వచ్చింది. దేశద్రోహి తండ్రి శవం దగ్గర ఈగ కూడా వాలలేదట. ప్రజలు తమ తీర్పు చెప్పేశారట. ఇది ప్రభుత్వం అంటున్న మాట కాదట, ప్రజల సొంత సంఘమైన మంచిచావు సంఘం అధ్యక్షురాలు, అందరికీ తల్లిలాంటి కసిమీరా పుపీరో కళ్ళారా చూసి చెప్పిన మాటట. కొట్టు దగ్గర రేడియో, మంగలి దగ్గర రేడియో, బస్సులో రేడియో, అన్నీ ఆమె పేరు పలికాయి. మధ్యాహ్నం దాకా మూడుసార్లు చదివారు.

కసిమీరా చెప్పులు వేసుకుని మిగ్దాలియా ఇంటికి పరిగెత్తబోయి గుమ్మంలోనే ఆగిపోయింది. వెళ్ళి ఏం చెబుతుంది? నేనలా అనలేదు అనాలా, అంది కదా. జనం వచ్చారని రేడియో వాళ్ళకి చెబుతాననాలా? చెబితే మొదటి ప్రశ్న, ఎవరొచ్చారు? అబద్ధాన్ని దిద్దాలంటే పేటంతటినీ అప్పగించాలి. పేటని కాపాడాలంటే, తన చిన్ననాటి స్నేహితుడు దిక్కులేని చావు చచ్చాడన్న మాట తన పేరు మీద అలాగే మోగనివ్వాలి. ఆమె చెప్పులు విప్పేసింది. ఆ శనివారం నకటమాళ్ళు ఒక్కటీ అమ్ముడుపోలేదు. కోళ్ళు కూడా ఎన్ని తింటాయి?

తొమ్మిదో రోజు సాయంత్రం మిగ్దాలియా దగ్గర నుంచి కబురొచ్చింది, మీ బెంచీలు తీసుకుపొమ్మని. ప్రార్థన అయిపోయి ఉంటుందనుకుని కసిమీరా వెళ్ళింది. అయిపోలేదు. పెరడంతా జనం. మిగ్దాలియా నిలబడి కృతజ్ఞత చెప్పడం మొదలుపెట్టింది. గేటు చప్పుడు కాగానే మాట మింగేసింది. తలలన్నీ తిరిగాయి.

అన్నేళ్ళ అలవాటు. కసిమీరా వద్దనుకుంటూనే ఉంది, కళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మొదటి బెంచీలో వీళ్ళు, రెండో బెంచీలో వాళ్ళు, నీళ్ళ పీపా పక్కన ఫలానావాడు. ఆమె గిరుక్కున వీధి వైపు తిరిగి, శాలువా తల మీదుగా లాక్కుని, చెవులు రెండు చేతులతో మూసుకుంది. చూడకపోతే తెలియదు. వినకపోతే తెలియదు. తెలియకపోతే చెప్పలేదు.

"చూడండి దీని పొగరు," అంది ఎవరో ఆడమనిషి. "పోయినోడికి కూడా వీపు చూపిస్తోంది."

చేతులు ఎంత గట్టిగా నొక్కినా ఆ మాట వినబడింది. జవాబు చెప్పాలంటే తిరగాలి. ఆమె తిరగలేదు. మిగ్దాలియా "అందరికీ కృతజ్ఞతలు," అంది, పేర్లు లేకుండా. జనం వెనక కంచె సందులోంచి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

సోమవారం యహోస్కా వచ్చింది. ఈసారి కసిమీరా ఆమెని అడగనివ్వలేదు.

"తొమ్మిదో రోజు నేను చూళ్ళేదు," అంది. "వెళ్ళాను గానీ వీధి వైపు నిలబడ్డా. ఎవరెవరున్నారో నాకు తెలీదు. ఒట్టు."

"పర్లేదు కొమాద్రే." యహోస్కా రోస్కీయా విరుచుకుంది. "తొమ్మిదో రోజు సంగతి నాకు ఆ రాత్రే తెలిసింది. జాగారానికి ఎవరెవరొచ్చారో కూడా మీరు చెప్పకముందే తెలుసు."

"తెలిసే... తెలిసే రేడియోలో..."

"మీ పేటలో నాకు కాఫీ పోసే ఇల్లు మీదొక్కటే అనుకున్నారా?" చనువుగా నవ్వింది యహోస్కా. "పేర్ల కోసం కాదు కొమాద్రే, నేను మీ దగ్గరికొచ్చేది. మీరు చెప్పారంటే జనం నమ్ముతారు. మీలాంటి మనిషి మాకు ఇంకొకరు లేరు."

ఖాళీ కప్పు ముందుకు జరిపింది. కసిమీరా గుండిగ ఎత్తి కాఫీ పోసింది.